తొమ్మిది నిద్రలు

మా ఎదురింటి కోడలు రోజూ ఎనిమిదిన్నరకు ఆఫీసుకు పోతుంది. ఆ వేళకు పనిమనిషి పది నెలల పిల్లాడిని వాకిట్లోకి ఎత్తుకొచ్చి "అదిగో కాకి, అదిగో కాకి" అంటుంది. వాడు కాకిని చూస్తుండగా ఈ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని పక్క గుమ్మంలోంచి జారుకుంటుంది. నాయుడుపేటలో రిటైరై కూర్చున్న నాకు మా అరుగు మీది నుంచి ఈ తతంగమంతా కనిపిస్తుంది. కాకి ఎగిరిపోయాక వాడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ చూపు నేను చూడలేను.

మొన్న ఉండబట్టలేక ఆ అమ్మాయిని సందు మొగలో ఆపి, "దొంగమాదిరి పోబాకమ్మా, వాడికి చెప్పి పో" అన్నాను.

"చెప్తే ఏడుస్తాడు ఆంటీ" అంది.

"ఏడవనీ" అన్నాను.

ఆమె నన్ను రాక్షసిని చూసినట్టు చూసి బస్సుకు పరిగెత్తింది. ఆమెను అనుకుని లాభం లేదు. ఆ మాట నాది కాదు. ఆ మాట చెప్పిన మనిషిని మొదటిసారి చూసినప్పుడు నేను కూడా ఇలాగే చూశాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పంతొమ్మిది వందల అరవై దాటి ఒకటి రెండేళ్ళు అయి ఉంటుంది. చిట్టమూరుకు తూర్పున ఒక చిన్న ప్రసూతి కేంద్రంలో నర్సుగా చేరాను. అక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో, పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలు పట్టి బతికేవాళ్ళ పాళెం ఉండేది. ఆ మాట చెప్పిన మనిషిది ఆ పాళెమే. ఆమెను అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. కాన్పులో తల్లి పోయిన బిడ్డలు ఆ చుట్టుపక్కల ఎక్కడున్నా ఆమె గుడిసెకే చేరేవారు. అమ్మమ్మో మేనత్తో తేరుకుని వచ్చి తీసుకుపోయేదాకా, ఎవరూ లేకపోతే పెంచుకునేవాళ్ళు దొరికేదాకా, ఆమే సాకేది. ఈ పని ఆమెకు ఎవరు అప్పగించారో నాకు తెలియదు. ఆమెకు సొంత బిడ్డలున్నారా, ఉండి పోయారా అన్నది పాళెంలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవారు. నేను అడగలేదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె ఒక మూడు నెలల పసిగుడ్డును చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, కడవ చంకన పెట్టుకుని, ఉయ్యాల మీదికి వంగి చెబుతోంది.

"నీళ్ళకు పోతుండా. రెండు కడవలు తెచ్చుకోని వస్తా."

ఆ బిడ్డ గుక్కపట్టింది. అయినా ఆమె పోయింది. దారిపొడవునా గట్టిగా మాట్లాడుతూనే పోయింది. "ఆఁ, వినబడతానే ఉండాది. బాయి కాడికి వచ్చినా. చేదుతుండా." తిరిగి వచ్చి కడవ దించి, బిడ్డ ముఖంలో ముఖం పెట్టి "వచ్చినా" అంది. కలెక్టరుకు రిపోర్టు ఇచ్చినట్టుంది ఆ వాలకం.

నాకు నవ్వొచ్చింది. "దానికేం తెలుస్తుంది పెద్దమ్మా?" అన్నాను.

"ఒకసారికి తెలవదు నర్సమ్మా. వందసార్లు చెప్పి పొయ్యి, చెప్పినట్టే వస్తే తెలస్తాది. దొంగమాదిరి పోతే మాత్రం ఒక్కసారికే తెలస్తాది."

ఆమె మాట కటువు. పసిబిడ్డను "బూచోడొస్తాడు" అని బెదిరించినందుకు ఒక మేనమామను రొయ్యల గంపతో కొట్టిందని పాళెంలో చెప్పుకునేవారు. చూడవచ్చినవాళ్ళు బిడ్డను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటుంటే, "అదేమన్నా చుట్టనిప్పా, చేతులు మార్చుకోడానికి?" అని లాక్కునేది. పాళెంలో పాలున్న తల్లులందరూ ఆమె దగ్గరున్న బిడ్డలకు వంతులవారీగా పాలిచ్చేవారు. కానీ పాలు తాగిన మరుక్షణం బిడ్డ ఆమె ఒళ్ళోకి రావలసిందే. "పాలు ఎవురన్నా ఇయ్యొచ్చు. ఒడి మాత్రం ఒకటే ఉండాల" అనేది.

నాకూ ఆమెకూ రోజూ తగవే. నేను కొత్తగా చదువుకుని వచ్చినదాన్ని. నాకు ఎక్కడ చూసినా క్రిములే కనిపించేవి. ఆమెకు రెండే చీరలు. రెండూ ఇటికరంగువే, రెండింటికీ పొగ వాసన, ఎండుచేపల వాసన, పాలు కక్కిన వాసన. బిడ్డకు తగిలే ప్రతి గుడ్డా ఉడకబెట్టాలని నేను ఊరూరా చెప్పుకుంటూ తిరిగేదాన్ని. ఆమె ఉగ్గుగిన్నెను ఉడకబెట్టడానికి వెంటనే ఒప్పుకుంది. చీర దగ్గర మాత్రం మొండికేసింది.

"బిడ్డ కండ్లు మూసుకున్నాక నేను యాడుండానో ఈ చీరే చెప్పాల. దీన్ని ఉడకబెడితే ఏం చెప్తాది?"

"క్రిములు చెప్తాయి" అన్నాను. ఆ మాటకు నేనే మురిసిపోయాను కూడా. ఇరవై మూడేళ్ళ వయసు అలాంటిది.

బిడ్డను ఎవరైనా పెంచుకోవడానికి అడిగితే ఆమెది ఒకటే షరతు. చావు జరిగిన ఇంటికి చుట్టాలు వచ్చి నిద్ర చేసి పోవడం మన వైపు ఉన్నదే. కొత్తతల్లి కూడా అలాగే వచ్చి ఆమె గుడిసెలో తొమ్మిది నిద్రలు చేయాలి. మొదట మూడు దినాలు ఊరికే కూర్చుని చూడాలి. తర్వాత మూడు దినాలు స్నానం పోయాలి, ఉగ్గు పట్టాలి. చివరి మూడు దినాలు పక్కలో వేసుకోవాలి. తొమ్మిదో దినం కొత్తతల్లి వాకిలి దాటి పోతే బిడ్డ ఏడవాలి. ఏడిస్తే బిడ్డ ఆమెది. బిడ్డ పోయాక మరో తొమ్మిది దినాల దాకా పెద్దమ్మ ఉయ్యాల విప్పేది కాదు, ఆ మూల ఊడ్చేది కాదు. ఊరికి పోయినవాళ్ళ వెనకే ఇల్లు ఊడ్వకూడదని అనేది.

ఆ ఏడు ఆమె దగ్గరున్నది ఒక ఆడపిల్ల, నేను మొదటిసారి ఉయ్యాలలో చూసిన పసిగుడ్డే. తండ్రి శ్రీహరికోట నుంచి కట్టెలు తెస్తున్న పడవ తిరగబడి పోయాడు. రెండు నెలలకు తల్లి కాన్పులో పోయింది. పుట్టిన గడియ నుంచీ పెద్దమ్మ ఒడే. ఎనిమిది నెలలకు ఆ పిల్ల ఎంత గడుగ్గాయి అంటే, తూకం వేయడానికి నేను ఎత్తుకుంటే నా ముక్కు పట్టుకుని పీకి, కేకలు పెట్టి పెద్దమ్మ మీదికి దూకేది.

మెట్ట ఊరి రైతుకుటుంబం ఒకటి ఆ పిల్లను పెంచుకుంటామని వచ్చింది. పెళ్ళయి పదేళ్ళయినా కోడలికి పిల్లలు లేరు. ఆడపిల్లను తెచ్చి పెంచుకుంటే కడుపు పండుతుందని ఎవరో చెప్పగా అత్తగారు ఒప్పుకుంది. కోడలికి ఆ ఆశ ఉన్నట్టు లేదు. ఆమె బిడ్డను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆకలిగా ఉన్నవాళ్ళు అన్నం వంక అలా చూస్తారు. కానీ తొమ్మిది నిద్రల మాట రాగానే అత్తగారు లేచి నిలబడింది.

"చేపలోళ్ళ గుడిసెలో మా కోడలు నిద్ర చేసేదేంది? పగటిపూట మూడు దినాలు వచ్చి పోతాది. ఇష్టమైతే ఇయ్యండి, లేకుంటే మానండి."

నేను మధ్యలో దూరాను. ఇంట్లో పాడి ఉంది, కోడలు మంచిది, ఇలాంటి ఇల్లు మళ్ళీ దొరకదు, నిద్రలు అవీ చాదస్తం అని పెద్దమ్మకు ఊపిరాడనివ్వలేదు. ఆమె నా ముఖం వంక చాలాసేపు చూసి "నువ్వు చదువుకున్నదానివి" అంది. అది ఒప్పుకోవడం కాదని నాకు తర్వాత అర్థమైంది.

కోడలు పగటిపూట మూడు దినాలు వచ్చి పోయింది. బిడ్డ పోయేరోజు పెద్దమ్మ తన రెండు చీరల్లో ఒకదాన్ని నిలువునా చింపి సగం కోడలి చేతిలో పెట్టింది. "తొమ్మిది నిద్రలు అయ్యేదాకా దీన్ని ఉతకబాకండి. బిడ్డ పక్కలో ఉండనీండి" అంది. తర్వాత బిడ్డ రెండు చెంపలూ పట్టుకుని, "పోతుండావు తల్లీ. ఈ అమ్మతో పోతుండావు. నేను రావడంలా" అని చెప్పింది. ఆ పిల్ల బండిలో పొలిమేర దాటేదాకా ఏడ్చింది. చెప్పకుండా, నిద్రపోతున్నప్పుడు పంపించి ఉంటే ఈ గోల ఉండేదా అని నాకు చిరాకు కూడా వేసింది.

ఐదోరోజు ఆ ఇంటికి వెళ్ళాను. అత్తగారు ఎదురొచ్చింది.

"మా ఇంటికొచ్చిన రెండోనాటి నుంచి ఒక్క ఏడుపు లేదు నర్సమ్మా. ఎవురెత్తుకున్నా పోతాది. బంగారు బిడ్డ."

దండెం మీద ఇటికరంగు గుడ్డముక్క వెలిసిపోయి ఆరుతోంది. "నువ్వే గదా బిడ్డ గుడ్డలన్నీ ఉడకబెట్టమనింది. ఆ కంపు గుడ్డను సోడా వేసి రెండుసార్లు ఉడకబెట్టినా" అంది. నేను ఆమెను మెచ్చుకున్నాను. బిడ్డను ఎత్తుకున్నాను. నా ముక్కు జోలికి రాలేదు. తూకం కాస్త తగ్గింది. తావు మార్పు అనుకున్నాను. పుస్తకంలో "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం తలచుకుంటే ఇప్పటికీ నా చేయి నాకు పరాయిదనిపిస్తుంది.

మరుసటిరోజు పాళెం పోయి పెద్దమ్మకు ఈ శుభవార్త చెప్పాను. ఆమె ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఏడుపు లేదా?"

"ఒక్క ఏడుపు లేదు."

"ఎవురెత్తుకున్నా పోతుందా?"

"పోతుంది."

"నిన్ను చూసి ముక్కు పీకిందా?"

పీకలేదన్నాను. ఆమె చేతిలో చేప కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "బండి కట్టించు" అంది.

దారిలో ఆమె ఒకటే అడిగింది. "ముఖం గోడకు పెట్టుకోని పడుకుంటుందా?" గుర్తు చేసుకున్నాను. నేను వెళ్ళేసరికి అలాగే పడుకుని ఉంది. చెప్పాను.

"ఏడ్చినన్నాళ్ళు బిడ్డ మనల్ని పిలస్తా ఉండాదని లెక్క. ఏడుపు మానేసిందంటే ఇంక ఎవురూ రారని తెలుసుకునింది. అట్టా తెలుసుకోని తిండి మానేసినోళ్ళను ఇద్దర్ని చూసినా. ఇద్దరూ దక్కలా."

 "అయితే మనం వెనక్కి తెచ్చేసుకుందాం పెద్దమ్మా" అన్నాను.

"తెచ్చి? నాకు యాభై దాటినాయి. ఆ పిల్లకు పెండ్లయ్యేదాకా ఉంటానా? మళ్ళా ఇంకో ఇంటికి ఇయ్యాల. ఇంకోసారి చేయి మారితే, బతికినా మనిషిని నమ్మదు." మళ్ళీ తనే, "ఆ కోడలు మంచిదే. నేను చూసినా" అంది. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం. బిడ్డ పంచలో చాప మీద ఉంది. ముందు గిలక్కాయ ఉంది. చేతులు దాని దగ్గరికి పోవడం లేదు. కోడలు పక్కనే ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బిడ్డ తినడం లేదన్న సంగతి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలిసినట్టుంది.

పెద్దమ్మ నాలుగు బారల దూరంలో కూర్చుంది. "వచ్చినా తల్లీ" అంది. బిడ్డ ఆ గొంతు వైపు చూసింది. చూసి, నెమ్మదిగా ముఖం గోడ వైపు తిప్పుకుంది.

 "చూసినారా, మరిచేపోయింది. ఇంక మీరెందుకు, బయల్దేరండి" అంది అత్తగారు.

"మరిచిపోలా. అలిగింది" అంది పెద్దమ్మ. ఆమె ముఖం మాత్రం ఎవరో చెంపమీద కొట్టినట్టుంది.

ఆమె కదల్లేదు, బిడ్డను ముట్టుకోలేదు. మామూలుగా నీళ్ళకు పోయి వచ్చినప్పుడు చెప్పినట్టే చెబుతూ కూర్చుంది. "ఆలస్యమైంది. నాదే తప్పు. తొమ్మిది నిద్రలు కాకుండా పంపించినా. చదువుకున్నోళ్ళు చెప్పినారని విన్నా. చేపలు ఎండబెట్టి వచ్చినా. బండెక్కి వచ్చినా." పంచలో ఎండ ఒక మెట్టు దిగింది, రెండో మెట్టు దిగింది. నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడే ఉన్నాను. బిడ్డ కంటికొసతో చూడడం మొదలుపెట్టింది. చూసి మళ్ళీ గోడ. చూసి మళ్ళీ గోడ. తర్వాత కింది పెదవి వణికింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకు కొట్టంలో గొడ్లు తలెత్తి చూశాయి.

"నిమ్మళంగా ఉండే బిడ్డను ఏడిపించడానికా ఇంత దూరం వచ్చింది? లే, లేచి పో" అని అత్తగారు మీదికి వచ్చింది.

"అత్తా" అంది కోడలు. ఆమె ఆ ఇంట్లో గొంతెత్తడం అదే మొదటిసారి అయి ఉంటుంది, అత్తగారు నిలబడిపోయింది. "ఆమెను ఉండనీ. ఈ బిడ్డ నా చేతిలో పోతే నేనూ ఉండను."

పెద్దమ్మ అప్పటికీ బిడ్డను ఎత్తుకోలేదు. "నువ్వు ఎత్తుకో" అంది కోడలితో. ఎత్తుకుంటే బిడ్డ విల్లులా వంగి పెద్దమ్మ వైపు చేతులు చాచింది. ఆ చేతులు చూసి కూడా కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలియదు. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"నా దగ్గర ఉండడంలా పెద్దమ్మా" అని కోడలు ఏడ్చింది.

"ఉంటాది. నీ చీర ఇటియ్యి. నాది కట్టుకో."

ఇద్దరూ కొట్టం చాటుకు పోయి చీరలు మార్చుకుని వచ్చారు. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. బిడ్డ ఇటికరంగు చీరలో ముఖం దాచుకుంది. తలెత్తి చూస్తే వేరే ముఖం. మళ్ళీ చీర. మళ్ళీ ముఖం. చూసి చూసి ఆ వాసన మీదే సొమ్మసిల్లినట్టు నిద్రపోయింది. లేచాక నాలుగు గుటకల ఉగ్గు తాగింది. కోడలు ఆ నాలుగు గుటకలనూ వేళ్ళ మీద నాకు చూపించింది.

తొమ్మిది నిద్రలు అక్కడే జరిగాయి. కొత్తతల్లి పెద్దమ్మ గుడిసెలో చేయవలసినవి పెద్దమ్మే ఆ ఇంట్లో చేసింది. ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. గొడ్లకొట్టం పక్కన తాటాకు సాయబానులో చాప వేశారు, ఆకులో అన్నం పెట్టారు. నాకు కోపం వచ్చి గొణిగితే, "నేను చుట్టరికానికి రాలా నర్సమ్మా" అంది. నేను రెండుసార్లు వెళ్ళి చూశాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె పంచలో కోడలి పక్కన ఉంది. రెండోసారి మెట్ల కింద ఉంది. రోజుకింత దూరం జరుగుతోంది. లేచినప్పుడల్లా "కొట్టం కాడికి పోతుండా", వచ్చినప్పుడల్లా "వచ్చినా". కోడలు కూడా ఆ మాటలు పట్టుకుంది. పొయ్యి దగ్గరికి పోతూ "పోతుండా తల్లీ, పాలు కాచుకోని వస్తా" అంటుంటే అత్తగారు నుదురు కొట్టుకునేది.

తొమ్మిదో నిద్ర అయ్యాక పొద్దున్నే బండి తీసుకుని పోయాను. కోడలు ఆ ఇటికరంగు చీర విప్పలేదు. పెద్దమ్మ కోడలి ఆకుపచ్చ చీరలోనే వాకిట్లో నిలబడి బిడ్డ చెంపలు పట్టుకుంది.

"పోతుండా తల్లీ. ఈసారి రాను. మీ అమ్మ ఉండాది."

బిడ్డ ఏడ్చింది. మేము బండెక్కాము. చివరి ఇల్లు దాటి, చేలగట్టు దగ్గరికి వచ్చాక ఆమె బండి ఆపించింది. ఏడుపు ఇంకా వినబడుతోంది. వింటూ కూర్చున్నాము. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఓదార్చినారా, తనే మానేసిందా? పొయ్యి చూసిరా."

ఆ సందులో పరిగెత్తిన పరుగు నా ఉద్యోగం మొత్తంలో ఇంకెప్పుడూ పరిగెత్తలేదు. గోడ వైపు తిరిగిన ఆ ముఖమే కళ్ళ ముందు ఉంది. వాకిట్లోకి పోయేసరికి కోడలు నిలబడి ఉంది. బిడ్డ ఆమె భుజం మీద, ఇటికరంగు కొంగు నోట్లో పెట్టుకుని వెక్కుతోంది. నేను చేతులు చాచి "రా" అన్నాను. బిడ్డ నన్ను చూసి కెవ్వుమని, రెండు చేతులతో వాళ్ళమ్మ మెడ కరుచుకుంది.

"నీ కాడికి రాదులే నర్సమ్మా. దిగులుపడబాక" అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఒక బిడ్డ నన్ను వద్దన్నందుకు అంత సంతోషపడటం నాకదే మొదలు. వగరుస్తూ బండి దగ్గరికి వచ్చి చెప్పాను. "నన్ను చూసి ఏడ్చింది పెద్దమ్మా. వాళ్ళమ్మ మెడ వదల్లేదు."

"ఎంత గట్టిగా పట్టుకునింది?"

"గోళ్ళు దిగేట్టు."

"సరే. తోలు" అంది బండివాడితో.

బండి కదిలింది. ఆమెకు పొడుగైపోయిన ఆ ఆకుపచ్చ చీర కొంగును చేతిలో చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. సరస్సు గాలి తగిలేచోటికి వచ్చాక కొంగును ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. ఇటు కొసా చూసింది, అటు కొసా చూసింది.

"దీంట్లో బిడ్డ వాసన లేదు నర్సమ్మా" అని, దానితోనే ముఖం కప్పుకుంది.